వాడకట్టుతో కలిసి ఇంటి పంట: వరంగల్ పెరట్లో పర్మాకల్చర్ ఎలా మొదలుపెట్టాలి

మొదటి ఏడాది మా వాడకట్టులో ఆరు ఇళ్లవాళ్లం జూన్‌లో విత్తనాలు పెట్టాం. ఎవరినీ ఎవరూ అడగలేదు. ఆరు ఇళ్లలోనూ సొరపాదే ఎక్కింది. ఆగస్టు చివరికి పాదుకు వారానికి మూడు నాలుగు కాయలు తెంపుతున్నాం. పక్కింటికి ఒకటి ఇద్దామని పోతే వాళ్లు కూడా సొరకాయే పట్టుకుని ఎదురొచ్చేవాళ్లు. ముదిరిన కాయలు చివరికి చెత్తబండిలో పోయాయి. అదే నెలలో బీరకాయ, బెండకాయ, పాలకూర అందరం బజార్లో కొనుక్కున్నాం. నాకు చాలా బాధనిపించింది. నీళ్లు పోశాం, పెంట వేశాం, కష్టపడ్డాం. విత్తనం పెట్టేముందు ఒక గంట కూర్చుని మాట్లాడుకోలేదు, అంతే.

పర్మాకల్చర్ అనే పేరు 1970లలో ఆస్ట్రేలియాలో బిల్ మొలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ పెట్టింది. దానికి మూడు సూత్రాలు: నేలను చూసుకోవాలి, మనుషులను చూసుకోవాలి, అవసరానికి మించింది పంచాలి. మన రాష్ట్రంలో జహీరాబాద్ వైపు ఈ పని చాలా ఏళ్లుగా నడుస్తోంది. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సదస్సు కూడా హైదరాబాద్‌లోనే జరిగింది. మొక్కలు పెంచడం గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మూడో సూత్రం మాత్రం చాలా ఇళ్లలో చివరికి మిగిలిపోతుంది. నేను దాన్ని మొదట్లోనే పెట్టమంటాను. పంచుకోవడం ఎలాగో ముందే అనుకుంటే ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో దానంతట అదే తేలిపోతుంది.

మొదటి పని: నోట్‌బుక్ పట్టుకుని గల్లీ అంతా తిరగండి

ఎండలు ముదరకముందే, ఉగాది దాటిన వారంలో ఒక సాయంత్రం ఈ పని పెట్టుకోండి. ఇంటింటికీ పోయి నాలుగు విషయాలు అడగండి. జాగ ఎంత ఉంది? తీరిక ఎవరికి ఉంది? నీళ్లు ఎలా ఉన్నాయి? వ్యవసాయం ఎవరికి తెలుసు?

ఈ నాలుగూ ఒకే ఇంట్లో దొరకవు. మా దగ్గర కాజీపేటకు డ్యూటీకి పోయే ఒకాయన ఇంటి వెనక ముప్పై గజాల ఖాళీ ఉంది, ఆయనకు తీరిక లేదు. ఎదురింట్లో అద్దెకుండే తాతకు సేద్యం అంతా తెలుసు, ఒక గోలెం పెట్టుకునే జాగ కూడా లేదు. ఇద్దరినీ కలిపితే ఒక తోట అయింది. కూరగాయలు చెరి సగం అనుకున్నారు, నీళ్ల మోటర్ ఖర్చు జాగ ఆయనది. ఇలాంటి ఒప్పందం నోటిమాటగా వదిలేయకుండా నోట్‌బుక్‌లో రెండు వరుసలు రాసుకోండి. నమ్మకం లేక రాయమనడం లేదు, ఆరు నెలల తర్వాత ఎవరికీ సరిగ్గా గుర్తుండదు కాబట్టి.

ఖాళీ ప్లాట్ కనిపిస్తే యజమానిని అడిగి, సీజన్ కూరగాయలు మాత్రమే వేస్తామని చెప్పండి. చెట్లు నాటితే జాగ పోతుందేమోనని ఆయనకు టెన్షన్ మొదలవుతుంది. అది న్యాయమైన భయమే. తోటకూర, బెండ, గోకరకాయ వేసి నాలుగు నెలల్లో నేల ఖాళీ చేసి చూపిస్తే మరుసటి ఏడాది ఆయనే పిలుస్తాడు.

రెండో పని: ఏది ఎంత దూరంలో ఉండాలో తేల్చుకోండి

పర్మాకల్చర్‌లో నాకు బాగా నచ్చిన లెక్క ఇది. రోజూ ఎన్నిసార్లు పోతామో దాన్ని బట్టి మొక్క ఎంత దూరంలో ఉండాలో నిర్ణయిస్తారు. వంటింటి తలుపు నుంచి పది అడుగుల లోపల పుదీన, కొత్తిమీర, పచ్చిమిర్చి, కరివేపాకు. పొయ్యి మీద పోపు వేగుతుండగా పోయి తెంపుకొచ్చేంత దగ్గర. ఆ తర్వాత ఆకుకూరల మడులు. వాటికి అవతల రెండు మూడు రోజులకోసారి చూసే పందిరి, వంకాయ, టమాట. గోడ పక్కన మునగ, బొప్పాయి, జామ, నిమ్మ. పందిరి నీడలో పసుపు, అల్లం, చామ బాగా వస్తాయి.

మునగను నడుము ఎత్తులో నరుకుతూ ఉండండి. వదిలేస్తే రెండేళ్లకు కరెంటు తీగలను తాకుతుంది, కాయ ఎవరికీ అందదు.

మూడో పని: వానను పెరట్లోనే నిలపండి

మన దగ్గర ఏడాదికి 900 మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటర్ వాన పడితే ఒక లీటరు నీళ్లు. వంద గజాల స్లాబ్ అంటే దాదాపు 84 చదరపు మీటర్లు. ఆవిరై, చింది పోయింది తీసేసినా ఆ ఒక్క స్లాబ్ మీద నుంచి ఏడాదికి 60 వేల లీటర్లు దిగుతాయి. ఆ నీళ్లన్నీ పైపులోంచి నేరుగా మోరీలోకి పోతున్నాయి. ఏప్రిల్‌లో బోరు ఎండిపోతే ట్యాంకర్‌కు ఫోన్ చేస్తాం.

పెరట్లో ఏం చేయాలో మన నేల ఎప్పుడో చూపించింది. కాకతీయులు చెరువులను గొలుసుకట్టుగా తవ్వించారు. పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. మీ పెరట్లో కూడా అదే పద్ధతి. స్లాబ్ పైపు నీళ్లను కాస్త దూరం మళ్లించి మొదటి గుంత తీయండి. ఇంటి పునాదికి పది అడుగులైనా ఎడంగా ఉండాలి. మూడు అడుగుల వెడల్పు, రెండు అడుగుల లోతు చాలు. అది నిండితే నీళ్లు చిన్న కాలువ గుండా వాలులో ఉన్న రెండో గుంతకు, అక్కడి నుంచి మూడో గుంతకు పోవాలి. గుంతల్లో కొమ్మలు, ఎండాకులు నింపండి, గట్ల మీద అరటి, బొప్పాయి నాటండి. నీళ్లు రెండు రోజుల్లో ఇంకిపోవాలి, నిలిచి ఉంటే దోమలు పెరుగుతాయి. డ్రమ్ములో పట్టుకునే నీళ్లకు జాలీ మూత తప్పనిసరి. తొలి వాన నీళ్లు డ్రమ్ములోకి పట్టకండి, స్లాబ్ మీది దుమ్ము, పిట్టల రెట్ట అంతా అందులోనే వస్తుంది.

బట్టలు ఉతికిన నీళ్లు అరటి గుంతకు మళ్లించవచ్చు. యాసిడ్, బ్లీచింగ్ కలిసిన బాత్రూం నీళ్లు మాత్రం వద్దు. ఆకుకూరలకు సబ్బునీళ్లు అసలే వద్దు.

ఎండాకాలానికి ఒక చిన్న ఉపాయం. రంగు వేయని మట్టికుండను రెండు మొక్కల మధ్య మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. కుండ గోడలోంచి చెమ్మ మెల్లగా వేర్లకు అందుతుంది. మా ఇంట్లో మే నెలలో వంకాయ మొక్కలు బతికింది ఈ కుండల వల్లనే.

నాలుగో పని: మట్టి

హనుమకొండ చుట్టుపక్కల చాలా ఇళ్ల కింద ఎర్ర చెల్క నేల ఉంటుంది. నీళ్లు ఇట్టే జారిపోతాయి, సత్తువ తక్కువ. దీనికి చెరువు మట్టి మంచి మందు. 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు ఆ మట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నది ఇందుకే. ఊరి చెరువు మట్టి అయితే తెచ్చుకోండి. నగరం మధ్యలో డ్రైనేజీ నీళ్లు కలిసే చెరువు మట్టిని తినే మొక్కలకు వాడకండి.

గోలెంలోకి నేను కలిపే పాళ్లు: చెల్క మట్టి రెండు గంపలు, బాగా మాగిన పశువుల పెంట ఒక గంప, చెరువు మట్టి సగం గంప, రైస్ మిల్లు నుంచి తెచ్చిన వడ్ల పొట్టు సగం గంప, వేపపిండి రెండు పిడికిళ్లు. పచ్చి పెంట వేస్తే వేడికి వేర్లు మాడిపోతాయి. స్లాబ్ మీద పెట్టేవాళ్లు చెరువు మట్టి మానేసి పొట్టు పెంచండి. ఘనపు అడుగు తడి మట్టి దాదాపు 45 కిలోలు తూగుతుంది, కాబట్టి గోలేలు గోడల మీదుగా, దూలాల మీదుగా పెట్టాలి, స్లాబ్ నడుమ కాదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మన వైపు పత్తి, మిర్చి చేలల్లో వాడిన పురుగుమందు డబ్బాలు ఊరంతా దొరుకుతాయి. కడిగి మొక్కలు పెట్టుకుంటారు, కొందరు నీళ్లు కూడా పట్టుకుంటారు. ఎన్నిసార్లు కడిగినా అవి పనికిరావు. పెయింట్ డబ్బాలు కూడా వద్దు.

ఎరువుకు ఏదీ కొనక్కర్లేదు. మాఘ, ఫాల్గుణాల్లో వేపాకు రాలి గల్లీలో కుప్పలు పడుతుంది, పొద్దున్నే దానికి నిప్పు పెడతారు. ఆ పొగ పీల్చడం మాని సంచుల్లో ఎత్తి పెట్టుకోండి. వంటింటి తొక్కలు ఒక వంతు అయితే ఎండాకులు మూడు వంతులు, పొరలు పొరలుగా వేసి, పిండితే చుక్క రానంత తడిగా ఉంచితే వాసన రాదు. మన ఎండలకు రెండు మూడు నెలల్లో నల్లగా మాగుతుంది. వాడకట్టుకు రెండు గుంతలు చాలు: ఒకటి నిండుతుండగా ఇంకొకటి మాగుతుంటుంది. మా వాడలో ఇళ్లమధ్య స్నేహం కుదిరింది ఈ గుంతల దగ్గరే. తొక్కలు వేయడానికి వచ్చినవాళ్లు పావుగంట నిలబడి మాట్లాడతారు.

మొక్కలకు సత్తువనిచ్చే జీవామృతం, పది లీటర్ల నీళ్లకు: అర కిలో ఆవుపేడ, పావు నుంచి అర లీటరు ఆవు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో రెండు రోజులు, పూటకోసారి కట్టెతో తిప్పండి. ఆ తర్వాత పదింతల నీళ్లలో కలిపి మొదళ్లకు పోయండి, వారంలోపు వాడేయండి.

ఐదో పని: ఎవరింట్లో ఏ పాదు

రోహిణి కార్తె నడుస్తుండగా అందరూ ఒకచోట కూర్చోండి. ఇంటికి ఒక పెద్ద పాదు మాత్రమే. ఒక ఇంట్లో సొర, ఒక ఇంట్లో బీర, ఒక ఇంట్లో కాకర, పెద్ద జాగ ఉన్న ఇంట్లో గుమ్మడి. ఇవన్నీ మృగశిర తర్వాత మంచి వాన పడగానే పెట్టుకోవచ్చు. పందిరి చిక్కుడు జూన్, జూలైలలో పెడితే చలికాలంలో కాస్తుంది, సంక్రాంతి దాకా వాడకు సరిపోతుంది.

ఆకుకూరకు ఇంకో లెక్క. తోటకూర 25 నుంచి 30 రోజుల్లో చేతికి వస్తుంది. మూడు ఇళ్లవాళ్లు పది రోజుల తేడాతో చల్లుకుంటే వాడలో ఎప్పుడూ ఎవరో ఒకరి మడి కోతకు ఉంటుంది. పుంటికూర, బచ్చలి ఒకసారి పాతుకుంటే తెంపినకొద్దీ వస్తాయి. మెంతికూర, పాలకూర, కొత్తిమీర అక్టోబర్ తర్వాత బాగుంటాయి. గంగవాయిలి కూర తనంతట తానే మొలుస్తుంది. దాన్ని కలుపు అనుకుని పీకి పారేయకండి. పప్పులో దాని పులుపుకు సాటి వచ్చే ఆకు నాకు ఇంకొకటి దొరకలేదు.

ప్రతి ఇంటివాళ్లు జూలై మొదటి పదిహేను రోజుల్లో పిడికెడు బంతి విత్తనాలు చల్లండి, బతుకమ్మ నాటికి పూలు అందుతాయి. తంగేడు, గునుగు కోసం ఊరి బయటికి పోయినా ఇప్పుడు ప్లాట్లే కనిపిస్తున్నాయి. ఖాళీ స్థలం గోడ వెంబడి గునుగు విత్తనం రాలిస్తే దానికి ఏ సేవా అక్కర్లేదు. ఎంగిలిపూల నాడు పూలు కొనకుండా వాడ పూలతోనే పేర్చుకుని, సద్దుల నాడు పద్మాక్షి గుట్టకు ఎత్తుకుపోయిన ఏడాది మా ఆడపిల్లల సంతోషం చెప్పలేను.

కోతులు, పురుగులు

కోతుల గురించి మాట్లాడకుండా వరంగల్‌లో తోట గురించి మాట్లాడలేం. జామ, బొప్పాయి, టమాట పండనివ్వవు. వాటికి రుచించనివి బయట వరసలో పెట్టడమే నాకు కుదిరిన దారి: పసుపు, అల్లం, మిర్చి, కంద, పుదీన, కాకర. బొప్పాయిని రంగు తిరగగానే తెంపి ఇంట్లో పండబెట్టండి. వాటికి ఎవరూ తిండి వేయకూడదని వాడంతా ఒక మాట మీద ఉంటేనే లాభం.

పురుగుకు వేపగింజల కషాయం. జూన్, జూలైలో రాలే వేపగింజలు ఏరి ఎండబెట్టి దాచుకోండి. లీటరు నీళ్లకు 50 గ్రాముల గింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

ఆరో పని: ఆదివారం గంప

ఇక అసలు పని. ఒక రోజు, ఒక సమయం, ఒక చోటు పెట్టుకోండి. మాది ఆదివారం పొద్దున ఏడు గంటలకు, వేపచెట్టు కింద ఒక పాత బల్ల. ఆ పొద్దున తెంపినవే తెచ్చి బల్ల మీద పెడతాం. కావలసినవి తీసుకుంటాం. తూకం లేదు, పైసలు లేవు. ఎవరు ఎంత తెచ్చారో ఎవరూ రాయరు. రాయడం మొదలుపెడితే తక్కువ తెచ్చినవాళ్లు రెండో వారం రారు. తేలేకపోయినవాళ్లే ముందు తీసుకోవాలన్న నియమం ఒక్కటి పెట్టుకోండి. లేకపోతే వాళ్లు మొహమాటపడి వెనక నిలబడి, చివరికి వాడిన కట్టతో ఇంటికి పోతారు.

ఇవ్వాల్సింది ముందే పక్కన పెట్టండి. మా ఇంట్లో పాదుకు కాసిన మొదటి మూడు కాయల్లో ఒకటి గంపకు. నీళ్ల విషయంలో గుంత నిండి అలుగు పారేదాకా ఆగాలి కానీ, కూరగాయల్లో అలా ఆగితే మన ఇంట్లో తిని తిని విసుగొచ్చిన ముదురు కాయే పక్కింటికి పోతుంది. తీసుకున్నవాళ్లకు ఆ సంగతి తెలుస్తుంది.

సొరకాయ, దోసకాయ ఇచ్చేముందు చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఎవరికీ ఇవ్వకండి, మీరూ వండకండి. ఉడికించినా ఆ చేదు పోదు, చేదు సొర రసం తాగి ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు. మొక్కకు ఏ మందైనా కొట్టి ఉంటే బల్ల దగ్గర ఆ మాట చెప్పాలి.

ఇంకొక విషయం, చెప్పకుండా ఉండలేను. మన వాడల్లో వండిన కూర గిన్నె అన్ని గడపలూ దాటదు. ఎవరింటి నుంచి ఎవరు తింటారన్నది ఇప్పటికీ కులం చూసే జరుగుతోంది. పచ్చి కూరగాయ మాత్రం అడగకుండానే ఆ గడప దాటింది. అందుకని మొదట కూరగాయలతోనే మొదలుపెట్టండి, అందరివీ ఒకే బల్ల మీద కలిపి పెట్టండి, ఎవరిది ఏ గంపో తెలియకుండా. మా దగ్గర రెండో ఏడాది చలికాలంలో పుంటికూర పచ్చడి అందరూ కలిసి బల్ల దగ్గరే నూరుకుని జొన్నరొట్టెతో తిన్నారు. దానికి రెండేళ్లు పట్టింది. తొందరపెట్టి ఉంటే జరిగేది కాదు.

రాలేనివాళ్ల పేర్లు రాసుకోండి: బాలింత, మంచం మీదున్న ముసలివాళ్లు, నైట్ డ్యూటీ చేసి పడుకున్నవాళ్లు. వాళ్ల వంతు పిల్లలతో పంపండి. పిల్లలు ఇస్తే తీసుకునేవాళ్లకు దానం తీసుకున్నట్టు అనిపించదు. గిన్నెలో ఇస్తే ఖాళీ గిన్నె తిరిగి పంపడం మన ఇళ్లలో అలవాటు లేదు కదా, గుప్పెడు చింతపండో, నాలుగు కరివేపాకు రెమ్మలో వేసి పంపుతారు. వద్దనకండి, తీసుకోండి. బల్ల మీద మిగిలినవి ఎనిమిదిన్నరకు అంగన్‌వాడీ టీచర్ ఇంటికి చేరేలా ముందే ఆమెతో మాట్లాడి పెట్టుకోండి.

చివరి పని: విత్తనం

ప్రతి పాదులో నిండుగా ఎదిగిన ఒక కాయకు ఎర్ర దారం కట్టి వదిలేయండి. సొరకాయ తీగ మీదే ఎండి, ఊపితే లోపల గింజలు గలగలమనాలి. రెండు రకాల సొరలు దగ్గర్లో ఉంటే పుప్పొడి కలిసిపోతుంది. అలాంటప్పుడు సాయంత్రం విచ్చబోయే ఆడపువ్వుకూ మగపువ్వుకూ గుడ్డ కట్టి, విచ్చాక మీరే మగపువ్వును ఆడపువ్వుకు రాసి మళ్లీ గుడ్డ కట్టాలి. చిక్కుడుకు ఈ బాధ లేదు, తనలోనే ఫలదీకరణ అవుతుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లు దానితోనే మొదలుపెట్టాలి. టమాట గింజలను గుజ్జుతో రెండు మూడు రోజులు నీళ్లలో ఉంచి, కడిగి నీడలో ఆరబెట్టాలి. హైబ్రిడ్ ప్యాకెట్ గింజ దాస్తే మరుసటి ఏడాది అదే కాయ రాదు, నాటు విత్తనమే తెచ్చుకోండి.

బాగా ఎండిన గింజలను బూడిద, ఎండిన వేపాకుతో కలిపి సీసాలో దాచండి. జహీరాబాద్ దగ్గర డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఊరూరా విత్తన నిధులు నడిపింది ఇలాంటి చేతి పద్ధతులతోనే. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

రోహిణి కార్తెలో మళ్లీ అందరూ కూర్చున్నప్పుడు సీసాలన్నీ బల్ల మీద పెట్టి పంచుకోండి. ప్రతి పొట్లం మీద మూడు సంగతులు రాయాలి: ఏ విత్తనం, ఏ ఏడాది, ఏ ఇంటిది. మా దగ్గర ఎర్ర అంచు చిక్కుడు ఒకటి ఉంది. అది ఇచ్చిన అవ్వ పోయి మూడేళ్లయింది, ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు. పొట్లం మీద మాత్రం ప్రతి ఏడూ 'మూలమీది ఇంటి అవ్వ చిక్కుడు' అనే రాస్తున్నాం. కిందటి జూలైలో ఆ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ల గోడ పక్కనే అది పెట్టాం.